ఎల్క్‌హార్టులో ఒక కప్పు క్రింద

అమెరికా వెళ్ళివచ్చినవారు సాధారణముగా నయాగరా జలపాతమును గూర్చి వ్రాస్తారు. నేను చూచిన నీళ్ళు వేరు. అవి ఒక బండి కప్పులోనుండి చుక్క చుక్కగా మా మేనల్లుని మంచముమీద పడిన నీళ్ళు.

2023 సెప్టెంబరులో షికాగోలోని మన తెలుగు కుటుంబాల ఆహ్వానముపై వెళ్ళాను. వచ్చిన పని ముగిశాక నాలుగు రోజులు మిగిలాయి. మా పెద్దక్క కుమారుడు అక్కడికి సుమారు 180 కిలోమీటర్ల దూరములో, ఇండియానా రాష్ట్రములోని ఎల్క్‌హార్టులో ఉంటున్నాడు. "వాడి ఇల్లు చూచి రారా తమ్ముడూ. ఫోటోలు పంపుతాడు గాని, కళ్ళతో చూచినవాళ్ళు చెబితే వేరు" అని అక్క నేను బయలుదేరకముందే చెప్పింది.

ఎల్క్‌హార్టు పెద్ద ఊరేమీ కాదు. ఎల్క్‌హార్టు నది వచ్చి సెయింట్ జోసెఫ్ నదిలో కలిసేచోట ఉన్నది. అయితే కారు వెనుక తగిలించుకొని ఊరూరా లాగుకొనిపోయే ఇళ్ళబండ్లు, అంటే ట్రావెల్ ట్రైలర్లు, అమెరికాలో అధికభాగము ఈ ప్రాంతములోనే తయారవుతాయి. ఈ బండ్ల చరిత్ర చూపే మ్యూజియము కూడ అక్కడ ఉన్నది. అదే రోడ్డుమీద ఆమిష్ వారి గుర్రపు బండ్లు టకటకమని పోతుంటాయి. వారు సొంత కారు పెట్టుకోరు. అయినా వారిలో అనేకులు ఉదయమే సైకిళ్ళమీద ఈ ఫ్యాక్టరీలకు పనికి వస్తారు. నాకు ఇది వింతగా తోచింది గాని, వారికి వింతేమీ లేదు.

మా వాడు నన్ను ఊరి బయట చెట్లమధ్య ఉన్న ఒక స్థలమునకు తీసికొనిపోయాడు. ఇరవై, ముప్పై ట్రైలర్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో ఒకదానిమీద నీలిరంగు టార్పాలిన్ కప్పి, తాళ్ళతో కట్టి ఉన్నది. "ఇదే మామయ్యా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

లోపలికి పోయాక చెప్పాడు. కరోనా దినములలో హోటళ్ళకు భయపడి జనము ఈ బండ్లు విపరీతముగా కొన్నారు. 2021లో దేశమంతటిలో ఆరు లక్షల బండ్లు ఫ్యాక్టరీలు దాటాయి. 2023 వచ్చేసరికి లెక్క సుమారు 3,13,000కు పడిపోయింది. వీడి పని గంటలు తెగిపోయాయి. అపార్టుమెంటు అద్దె కట్టలేక, పదిహేనేండ్లు దాటిన ఈ పాత బండిని కొన్నాడు. తల్లికి పంపుతున్న ఫోటోలు స్నేహితుని ఇంటివి. బండ్లు చేసే ఊరిలో బండిలోనే కాపురము! నేను ఏమి అనను?

ఆ రాత్రి వాన కురిసింది. మంచముమీద బేసిను పెట్టి, మామా అల్లుళ్ళము ఒక మూలకు జరిగి కూర్చున్నాము.

తెల్లవారి వాని తోటి పనివాడు, ఒక ఆమిష్ పెద్దమనిషి, నిచ్చెన తెచ్చాడు. కప్పు అంతటా వ్రేళ్ళ కణుపులతో తట్టుకుంటూ పోయాడు. గట్టి చెక్క ఒక శబ్దము, నానిన చెక్క ఒక శబ్దము. నీరు మంచముమీద పడుతున్నా, కన్నము అక్కడ లేదు. ఆరడుగుల అవతల, స్నానపు గది గాలిగొట్టము చుట్టూ పూసిన లప్పము పగిలి ఉన్నది. నీరు లోపలి చెక్కవెంట ప్రాకి వచ్చి మంచముపైన దిగుతోంది.

ఈ బండ్ల కప్పు పైపొర పలుచని రబ్బరు షీటు. దాని క్రింద ప్లైవుడ్, ఆ క్రింద సన్నని దూలాలు. రబ్బరు పది, పదిహేనేండ్లకు పైగా నిలుస్తుంది గాని, అతుకుల దగ్గర పూసే లప్పము అంతకాలము ఉండదు. ఆరు నెలలకొకసారి నిచ్చెన ఎక్కి చూచుకోవాలి. మునుపటి యజమాని చూడలేదు సరికదా, పగుళ్ళమీద సిలికాన్ పులిమాడు. అది రబ్బరును పట్టదు. పైగా అది అంటినచోట తరువాత ఇంకేదీ అతుక్కోదు. మన డాబాలమీద పగులును శుభ్రము చేయకుండా తారు పూసి చేతులు దులుపుకొనే మేస్త్రీ నాకు జ్ఞాపకము వచ్చాడు.

మొదటి రోజంతా ఊడదీయడమే. అంచు పట్టీలు, గాలిగొట్టాలు, నలుగురు పట్టి దించిన ఏసీ పెట్టె, ఆపైన రబ్బరు. క్రింద ప్లైవుడ్ నల్లబడి, చేతితో తీస్తే బెల్లపు పొడివలె రాలింది. రెండు దూలాలు కూడ పుచ్చాయి. రెండవ రోజు ఫ్యాను పెట్టి ఆరబెట్టాము. దూలాలకు ప్రక్కన కొత్త చెక్కలు బిగించి, కొత్త ప్లైవుడ్ పరచాము. తడి మిగిలి ఉండగా మూస్తే లోపలే కుళ్ళుతుందని ఆ పెద్దమనిషి తొందరపడనివ్వలేదు. మేఘము చూచి నేనే తొందరపడ్డాను.

మూడవ రోజు కొత్త రబ్బరు షీటును ఎండలో పరచి ముడతలు పోనిచ్చి, సగము మడిచి, రోలరుతో జిగురు పూసి, మధ్యనుండి అంచులకు మెత్తని చీపురుతో నెట్టుకుంటూ అంటించాము. అంచు పట్టీల క్రింద బ్యూటైల్ టేపు. బిగించిన ప్రతి మరతలమీద, ప్రతి గొట్టము చుట్టూ తానే సమముగా పరచుకొనే లప్పము. ప్రక్క గోడలమీద మాత్రము జారని రకము వేరే ఉన్నది.

సాయంకాలము ఇద్దరము కప్పుమీదే కూర్చుని ఉండగా అక్క ఫోను చేసింది. "చూశావా? ఇల్లు ఎలా ఉందిరా?" అన్నది. నేను అబద్ధము చెప్పలేను. నిజము చెప్పే హక్కు కూడ నాది కాదు. ఫోను వాని చేతికిచ్చాను. వాడు చాలాసేపు నదివైపు చూచి, "అమ్మా, నేను పంపిన ఫోటోలు మా ఇంటివి కావే" అని మొదలుపెట్టాడు. నేను నిచ్చెన దిగిపోయాను.

నేను ఇంటికి వచ్చిన తరువాత కూడ అక్క నాతో కొన్ని వారాలు సరిగా మాట్లాడలేదు. చలికాలములో ఒక రాత్రి ఫోను చేసింది. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే మంచు ఆ ఊరిలో మెండుగా పడుతుంది. "మంచు బాగా పడిందంటరా. కారలేదంట" అన్నది. కొంచెము ఆగి, "వానలకు ముందు మన నాన్న పెంకులు సర్దించేవాడు కదా. ఏప్రిల్‌లో నిచ్చెన ఎక్కి చూసుకోమన్నాను వాణ్ణి" అన్నది.