మూడు వందల రికార్డుల నిర్మాత

లక్షలు, కోట్లు పోసి సినిమా తీసి చేతులు కాల్చుకున్న నిర్మాతల కథలు మీరు చాలానే చదివి ఉంటారు. రెండు లక్షల అరవై వేలు పోసి, ముచ్చటగా మూడు వందల ఎల్.పి. రికార్డులు అచ్చు వేయించిన వాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే!

కథ 2023 ఎండాకాలంలో సికింద్రాబాద్‌లో మొదలైంది. మా బావ, అంటే మేనమామ కొడుకు, పగలంతా బ్యాంకులో లెక్కలు చూస్తాడు. సాయంత్రమైతే మేడ మీది గదిలో బేస్ గిటారు భుజానికి తగిలించుకుంటాడు. తోడుగా మరో ముగ్గురు మిత్రులు. నలుగురూ కలిసి రెండేళ్లు కష్టపడి ఒక బాణీ కట్టారు. దాని నిడివి ఇరవై ఒక్క నిమిషాలు! అందులో పాడే మాటలు పట్టుమని పది వాక్యాలుండవు. మిగతాదంతా వాద్యాలే.

వినిపించిన చోటల్లా ఒకటే ప్రశ్న: "ఇందులో మూడు నిమిషాల ముక్క ఏది?" ఒకాయన ఇంకాస్త ముందుకెళ్లి, ఫోన్లలో చూసే వీడియోకి పదిహేను సెకన్లు చాలు, అది కోసి ఇమ్మన్నాడట.

ఆ రాత్రి బావ నేరుగా మా ఇంటికొచ్చాడు.

"ఒరే బామ్మర్దీ, మనమే ఒక లేబుల్ పెడదాంరా."

"నాకేం తెలుసు బావా? పత్రికలకి వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి."

"స్ట్రాటన్ స్మిత్ కూడా పత్రికలకి రాసుకుని బతికినవాడే" అన్నాడు బావ.

ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను. పొగడ్త ఎవరికి చేదు చెప్పండి!

ఇంతకీ ఈ స్ట్రాటన్ స్మిత్ ఎవరో చెప్పే ముందు, బావ వాయించే ప్రొగ్రెసివ్ రాక్ ఏమిటో నాలుగు ముక్కలు చెప్పాలి. 1960ల చివర్లో ఇంగ్లండులో కొందరు కుర్రాళ్లకి పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే మూడు నిమిషాల పాట చాల్లేదు. శాస్త్రీయ సంగీతం నుంచి కొంత, జాజ్ నుంచి కొంత, జానపదాల నుంచి కొంత తెచ్చుకున్నారు. హామండ్ ఆర్గాన్, మెలోట్రాన్ లాంటి వాద్యాలు చేర్చారు. నాలుగు దెబ్బల లెక్క వదిలి ఏడులోకి, తొమ్మిదిలోకి వెళ్లారు. మిశ్రచాపు విన్న మన చెవికి ఏడు వింత కాదు గానీ, రాక్ వినేవాళ్లకి అప్పట్లో వింతే. జెనెసిస్ అనే బృందం 1972లో విడుదల చేసిన 'సప్పర్స్ రెడీ' దాదాపు ఇరవై మూడు నిమిషాలు సాగుతుంది. ఎల్.పి.లో ఒక వైపు ఇంచుమించు అంతా అదే.

ఇలాంటి సంగీతానికి డబ్బు పెట్టే మారాజు ఎవరు? అలాంటివాళ్లలో ఒకడు టోనీ స్ట్రాటన్ స్మిత్. మొదట్లో ఆయన ఆటల గురించి రాసే పత్రికా విలేకరి. తర్వాత బ్యాండ్లకు మేనేజరయ్యాడు. తన బ్యాండ్లను పెద్ద కంపెనీలు చూసుకునే తీరు నచ్చక, 1969లో లండన్‌లో కరిజ్మా రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టాడు. మరుసటి ఏడు జెనెసిస్ కుర్రాళ్లను తీసుకున్నాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ అప్పటికే వేరే కంపెనీలో వచ్చి బోల్తా కొట్టింది. అయినా వాళ్లకి వారానికి ఇన్ని పౌండ్లని జీతం కట్టి, పాటలు కట్టుకోండి నాయనా అన్నాడు.

కరిజ్మాలో వాళ్ల మొదటి ఆల్బమ్ 'ట్రెస్‌పాస్' 1970 అక్టోబరులో వచ్చింది. అప్పట్లో అది ఇంగ్లండు చార్టుల ముఖం చూడలేదు. పైగా గిటారిస్టు తప్పుకున్నాడు, డ్రమ్మరు మారాడు. మరో యజమాని అయితే అక్కడితో దండం పెట్టేసేవాడు. ఈయన రెండోదీ వేయించాడు. 1971లో వచ్చిన ఆ 'నర్సరీ క్రైమ్' కూడా ఇంగ్లండులో అప్పటికి అంతంత మాత్రమే. అయినా మూడోదీ వేయించాడు. 1972లో వచ్చిన ఆ 'ఫాక్స్‌ట్రాట్' పన్నెండో స్థానానికి చేరింది. 1973లో 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' మూడో స్థానం. సినిమా భాషలో చెప్పాలంటే, అదే హీరోతో రెండు చిత్రాలు ఆడకపోయినా మూడోది మొదలుపెట్టిన నిర్మాత ఆయన!

"చూశావా! నమ్మకం అంటే అదీ" అన్నాడు బావ.

నమ్మకం సరే, మరి డబ్బు? పాత సంగతులు తిరగేస్తే నాకు దొరికిన జవాబు వేరు. కరిజ్మాలోనే లిండిస్‌ఫార్న్ అనే జానపద రాక్ బృందం ఉండేది. వాళ్ల 'ఫాగ్ ఆన్ ద టైన్' 1972లో ఇంగ్లండులో మొదటి స్థానానికి ఎక్కింది. మాంటీ పైథాన్ హాస్య బృందం రికార్డులూ కరిజ్మావే. ఆడిన బండి ఆడని బండిని లాగుతుందన్నమాట. మన సినిమా పాఠకులకు ఇంకో కబురు: 1975లో వచ్చిన 'మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్' సినిమాకు పెట్టుబడి పెట్టినవాళ్లలో పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్ బృందాలతో పాటు ఈ కరిజ్మా కూడా ఉంది.

అయితే బావ మనసు లోలోపల వర్జిన్ మీద ఉందని నాకు తెలుసు. రిచర్డ్ బ్రాన్సన్ 1970లో పోస్టులో రికార్డులు అమ్మడంతో మొదలుపెట్టాడు. 1971లో తపాలా ఉద్యోగులు సమ్మె కట్టేసరికి దుకాణం తెరిచాడు. 1973 మే 25న లేబుల్ తొలి విడుదలలతో వచ్చింది. అందులో పంతొమ్మిదేళ్లకే మైక్ ఓల్డ్‌ఫీల్డ్ రికార్డింగు మొదలుపెట్టి, ఇరవైకి పైగా వాద్యాలు దాదాపు తనే వాయించిన 'ట్యూబులర్ బెల్స్' ఉంది. దాన్ని అంతకుముందు వేరే కంపెనీలు వద్దన్నాయి. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో విడుదలైన 'ద ఎగ్జార్సిస్ట్' సినిమాలో దాని ఆరంభం ముక్క కాస్త వాడారు. అంతే! ఒక దెయ్యం సినిమా పుణ్యమా అని ఆ రికార్డు లోకమంతా తిరిగింది.

"మనకీ ఒక సినిమా తగలకపోతుందా" అన్నాడు బావ. దెయ్యం వచ్చి కాపాడుతుందని లెక్క వేసుకుని డబ్బు పెట్టడం నా వల్ల కాదన్నాను. చివరికి నా పొదుపు డబ్బు బయటికి తీశాను. ఐదేళ్లుగా ఇంటి అడ్వాన్సుకని దాచుకున్నది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది.

ఎక్కడో దొరికిన నమూనా చూసి నేనొక ఒప్పందం రాశాను. "ఈ రికార్డింగు మీది సర్వహక్కులూ శాశ్వతంగా నిర్మాతవే" అని అందులో ఉంది. నేను పెద్దగా ఆలోచించలేదు సుమండీ! డబ్బు పెట్టినవాడిదే సరుకు అనుకున్నాను. బావ రెండుసార్లు చదివాడు. కాఫీ సగంలో వదిలేశాడు.

"డబ్బు నీదిరా. పాట మాది" అన్నాడు లేస్తూ.

"మరి నా డబ్బు పోతే?"

"పోతే మా రెండేళ్లు కూడా పోతాయి."

తొమ్మిది రోజులు మాటల్లేవు. నాకు కోపంగా ఉంది. ఎవరూ ముట్టుకోని పాటకి పెట్టుబడి పెడుతున్నాను, కృతజ్ఞత లేకపోతే పోయె, ఈ రోషం ఎందుకు అనుకున్నాను. కోపంలోనే మళ్లీ చదవడం మొదలెట్టాను. కరిజ్మా 1980లలో వర్జిన్ చేతికి పోయింది. స్ట్రాటన్ స్మిత్ 1987లో కన్నుమూశాడు. వర్జిన్ సంగీత వ్యాపారాన్ని 1992లో థార్న్ ఇ.ఎమ్.ఐ. కొన్నది. ఇ.ఎమ్.ఐ. రికార్డు వ్యాపారాన్ని 2012లో యూనివర్సల్ కొన్నది. నమ్మకంతో మొదలైన లేబులు కూడా చివరికి చేతులు మారే ఆస్తే. జెనెసిస్‌ను మూడు ఆల్బముల దాకా మోసిన ఆ మనిషి ఓపిక మాత్రం ఏ అమ్మకం పత్రంలోనూ రాదు.

అదే 1992లో కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్, డేవిడ్ సింగిల్టన్‌తో కలిసి డిసిప్లిన్ గ్లోబల్ మొబైల్ అనే చిన్న లేబుల్ పెట్టాడు. ఆ లేబుల్ కళాకారుల హక్కులు తన పేర రాయించుకోదు. రికార్డింగు హక్కు వాయించినవాళ్లదే, మేము వాళ్ల తరఫున చూసుకుంటున్నాం అని అట్టల మీదే అచ్చు వేస్తుంది.

పాట ఎవరిది అనే తగువు మన సినిమావాళ్లకి కొత్తేం కాదు. రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కు గట్టిపడింది 2012 కాపీరైటు సవరణతోనే. 2017లో ఇళయరాజా గారు తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని బాలు గారికి లాయరు నోటీసు పంపితే అభిమానులు రెండు పక్షాలైపోయారు. అప్పుడు నేను సంగీత దర్శకుడి పక్షాన నిలబడి వాదించినవాణ్ణి. నా డబ్బు దగ్గరికొచ్చేసరికి, చూశారా, పక్షం మారిపోయింది!

పదో రోజున అత్తయ్య కబురు పెట్టింది. వెళితే ఉప్మా పెట్టి, మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. సంగతంతా విని ఒకటే అంది.

"ఏం అల్లుడూ, మన ఊళ్లో పొలం చేసేవాడికి కౌలుకిస్తాం గానీ, పేరున రాసిస్తామా? విత్తనానికి నువ్వు పెట్టుబడి పెట్టావు. పంటలో వాటా తీసుకో. భూమెందుకు నీకు?"

నమూనా ఒప్పందం అక్కడే చింపేశాం. కొత్తది ఒక పేజీకి మించలేదు. ఐదేళ్లు అమ్ముకునే హక్కు నాది. ముందు నా పెట్టుబడి తిరిగి రావాలి, ఆ తర్వాత వచ్చిందాంట్లో సగం సగం. ఐదేళ్లు కాగానే అన్నీ బ్యాండువే. డబ్బు తిరిగొచ్చినా, రాకపోయినా.

ఇక అచ్చు ముచ్చట. ముందు మెత్తని పూత ఉన్న పళ్లెం మీద గాడి కోస్తారు. దాని మీద నికెల్ పూత పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటిందంటే గాళ్లు దగ్గర దగ్గరగా కోయాలి, శబ్దం తగ్గించాలి. బేస్ జోరుగా ఉంటే గాడి మరీ పక్కలకి ఊగి చోటు తినేస్తుంది. "బేస్ కొంచెం తగ్గించండి సార్" అన్నాడు ఇంజనీరు. బావ ముఖం చూడాలి! తన గిటారు తనే తగ్గించుకోవడానికి రెండు రోజులు పట్టింది. పరీక్ష కోసం ముందుగా తీసిన కాపీ వచ్చిన రాత్రి ఏడుగురం నేల మీద కూర్చుని విన్నాం. పదిహేడో నిమిషంలో ఏడు దెబ్బల తాళం మళ్లీ మొదటి రాగంలోకి వచ్చే చోట, ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

సరుకు 2024 మే నెలలో వచ్చింది. రవాణావాళ్ల గోడౌనులో నాలుగు రోజులు రేకుల కింద ఉండిపోయింది. పెట్టెలు విప్పితే ముప్పై ఎనిమిది రికార్డులు అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. నష్టపరిహారం అడిగితే, రసీదు వెనక చిన్న అక్షరాలు చదువుకోమన్నారు. మిగిలినవి రెండు వందల అరవై రెండు. పన్నెండు పత్రికలవాళ్లకీ, స్నేహితులకీ ఊరికే ఇచ్చాం. ఒక్కొక్కటి పన్నెండు వందల చొప్పున ఇప్పటికి నూట డెబ్బై ఒకటి అమ్మాం. చేతికొచ్చింది రెండు లక్షల ఐదు వేల రెండు వందలు. ఇంకా యాభై నాలుగు వేల ఎనిమిది వందల లోటు. నా మంచం కింద డెబ్బై తొమ్మిది రికార్డులు ఉన్నాయి.

కొన్నవాళ్లలో విజయవాడ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరైన లెక్కల మాస్టారట. "తొమ్మిదో నిమిషం దగ్గర తాళం మారింది కదండీ, లెక్క పెట్టుకోలేక మూడుసార్లు విన్నాను" అన్నారు. బావకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఆ ఫోన్ నాకెందుకు కలపలేదురా" అన్నాడు తర్వాత.

పోయిన నెల బావ మళ్లీ వచ్చాడు. ఈసారి బాణీ ఇరవై ఆరు నిమిషాలు. ఒక వైపున పట్టదు, మధ్యలో రికార్డు తిప్పాలి.

మొదటి రికార్డు అచ్చు వేయించడానికి ఉత్సాహం చాలు. రెండోదానికి మొదటిదాని లెక్కల పుస్తకం ముందుంటుంది. లేబుల్ అంటే ఏమిటో తేలేది అక్కడే. స్ట్రాటన్ స్మిత్‌కి ఒక లిండిస్‌ఫార్న్ ఉంది. నాకెవరున్నారు అని ఆ రాత్రంతా ఆలోచించాను. తెల్లారేసరికి జవాబు దొరికింది. నెలకి నాలుగు రాసే వ్యాసాలు ఆరు రాయాలి. ఇదిగో, మీరు చదువుతున్నది అందులో ఒకటి!

సరేనన్నాను. ఈసారి రెండు వందల కాపీలే. చలికాలంలోనే తెప్పిస్తాం. ఒప్పందం అదే, ఐదేళ్ల కౌలు. సంతకాలయ్యాక కాగితం అత్తయ్యకిచ్చాం. ఆవిడ దాన్ని ట్రంకు పెట్టెలో, పొలం పాసు పుస్తకం పక్కన పెట్టి తాళం వేసింది.