కాస్త తోడు ఉందా?

మొన్న స్త్రీల కూటము ముగిసిన తరువాత ఒక చెల్లెలు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, కొత్త వీధిలోకి వచ్చి ఏడాదైంది. పండుగకు ఇంటింటికీ పంచిపెట్టాము. ఒకరికి జ్వరం వస్తే మందులు తెచ్చి ఇచ్చాము. అయినా మా గుమ్మం తొక్కేవారు లేరు" అని బాధపడింది. ఆమెకు అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక మా పాత వీధి జ్ఞాపకము వచ్చింది.

1993లో నాకు బదిలీ అయి కోనసీమలో, ముమ్మిడివరం దగ్గర ఒక ఊరికి వెళ్ళాము. అప్పుడది తూర్పు గోదావరి జిల్లా. వీధిలో పదకొండు ఇళ్ళు. క్రైస్తవ కుటుంబము మాది ఒక్కటే. మేము ఏ పేట నుండి వచ్చామో, మాదే కులమో, సామాను దించకముందే వీధికంతా తెలిసిపోయింది.

ఆ క్రిస్మసుకు పది పళ్ళెములలో కేకు, చెక్కలు పెట్టి పది ఇళ్ళకూ పంపాను. సాయంత్రానికే పళ్ళెములు తిరిగి వచ్చాయి, శుభ్రంగా కడిగి, ఖాళీగా. మన వైపు ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు కదా, బెల్లంముక్క అయినా వేస్తారు. ఎదురింటి మామ్మగారి పనిమనిషి, ఆ కేకు తన పిల్లలు తిన్నారని నాతో సంతోషంగా చెప్పింది. పిల్లలు తిన్నందుకు సంతోషించక, ఆ మాటను చాలాకాలము మనసులో పెట్టుకున్నాను. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ పంపాను. అందులో ప్రేమ ఎంతో, పంతము ఎంతో ఇప్పటికీ నాకే తెలియదు.

1996 నవంబరు 6, బుధవారము. ఆ రాత్రి తుపాను తీరము దాటింది. వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రము పొంగి మత్స్యకారుల ఇళ్ళకు ఇళ్ళే పోయాయి. వారి కష్టము ముందు మాది చెప్పదగినది కాదు. మా పెంకుటింటి కప్పు లేచిపోయింది, అంతే. చిన్నవాడిని నేను చంకన వేసుకొని, పెద్దదాన్ని మావారు పట్టుకొని, ఎదురింటి డాబా తలుపు కొట్టాము. అడగడానికి ఆ గుమ్మము ఎక్కడము అదే మొదటిసారి. తీస్తారో లేదో అని నా గుండె గాలికన్నా గట్టిగా కొట్టుకుంది.

తీసింది మామ్మగారే. "లోపలికి రా, పిల్లాడు తడిసిపోయాడు" అన్నారు. తన పాత చీర చింపి వాడికి చుట్టారు. తెల్లవారేసరికి ఆ గదిలో అయిదిళ్ళవారము ఉన్నాము.

పొద్దున చూస్తే వీధికి అడ్డంగా కొబ్బరిచెట్లు. నూతులలో బురద. కరెంటు లేదు గనుక మోటార్లు పనిచేయవు. మా పెరట్లో మాత్రము చేతి బోరింగు ఉంది. మధ్యాహ్నానికి మామ్మగారు బిందె పట్టుకొని వచ్చి గేటు దగ్గరే నిలబడ్డారు. మూడేళ్ళలో మా ఇంట మంచినీళ్ళు ముట్టని మనిషి. "టీచరమ్మా, రెండు బిందెలు కొట్టుకోనా?" అన్నారు. ఆ గొంతులోని సంకోచము నాకు తెలుసు. ముందు రాత్రి నా గొంతులో ఉన్నదే.

ఆ తరువాత వీధంతా వచ్చింది. ఒక్క ఇంటివారు మాత్రము చివరిదాకా రాలేదు, చెరువు నీళ్ళే కాచుకొని తాగారు. అదీ చెప్పాలి. పడిన కాయలు ఎవరి చెట్టువో తేలక మాటలు పెరిగినప్పుడు, మగవాళ్ళు అన్నిటినీ వీధి మధ్య రాశి పోసి ఇంటికింత అని పంచారు.

చాలా రోజులకు కరెంటు వచ్చింది. మోటార్లు తిరిగాయి. బోరింగు దగ్గర సందడి పోయింది. తలుపులు మళ్ళీ మూతపడతాయేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఒక సాయంత్రము గిన్నె పట్టుకొని మామ్మగారింటికి వెళ్ళి, "కాస్త తోడు ఉందా?" అని అడిగాను. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వరని, చీకటి పడకముందే వెళ్ళాను. నిజానికి మా ఇంట్లో పెరుగు ఉంది. నటన అంటే ఒప్పుకుంటాను. కానీ మూడేళ్ళు పళ్ళెములు పంపిన నేను, ఎవరి దగ్గరా చెంచాడు పెరుగు కూడా తీసుకోలేదు. ఎప్పుడూ ఇచ్చేవాళ్ళ ఎదుట నిలబడడము ఎదుటివారికి ఎంత ఇబ్బందో నాకు తట్టలేదు.

అప్పటి నుండి నిచ్చెన ఒకరిది, రోలు ఒకరిది. మనియార్డరు ఫారాలు నింపమని వాళ్ళు నా దగ్గరకు వచ్చేవారు.

ఆ డిసెంబరులో పళ్ళెములు పంపలేదు. "నాకు అరిసెల పాకము కుదరదు, కాస్త చూసిపెడతారా మామ్మగారూ?" అని అడిగాను. ఇది మాత్రము నటన కాదు. ఆమె వచ్చి, మా పొయ్యి ముందు పీట వేసుకొని, పాకము నీళ్ళలో వేసి వేలితో చూసి, "ఇంత లేతపాకము పడితే అరిసెలు విరిగిపోక ఏం చేస్తాయి?" అని కోప్పడ్డారు. మరో ముగ్గురు వచ్చి చెక్కలతో నూనె నొక్కారు. మొదటి వాయి దించగానే మామ్మగారు ఒక అరిసె విరిచి నోట్లో వేసుకొని, "నువ్వులు ఇంకాస్త పడాలి" అన్నారు.