మొదటి లఘువు

ఛందస్సు మాట వినగానే పుట మూసివేయకండి. ఇది ఒక పిల్ల మీద నేను అన్యాయంగా కేకలు వేసిన ఉదంతం.

మా రాజుపాలెంలో మిరపకోతలు మొదలైతే ఇళ్ళలో పెద్దలు ఉండరు. బడి వదిలాక ఇద్దరు ముగ్గురు పిల్లలు మా వసారాలో చేరతారు. ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుడికి అంతకంటే ఏం కావాలి? వారిలో తొమ్మిదవ తరగతి చదివే ఒక అమ్మాయి మిక్కిలి చురుకైనది. ఆమెకు గణవిభజన అలవాటు చేయడానికి, నా పాత శిష్యుడు తన జాలగూటిలో ఉంచిన అభ్యాసపుటను తెరిచి ఇచ్చాను.

ఆ పుటకు ఒక చరిత్ర ఉన్నది. 2009లో అతడు ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, నేను పక్కన కూర్చుని గురులఘువుల నియమాలు చెబుతూ ఉంటే జావాస్క్రిప్టులో రాసిపెట్టాడు. పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగై కనిపిస్తాయి. లేఖినితో చేయి తిరిగిన మీకు ఇందులో వింత లేదు. పాదం ముగియగానే అక్షరాల కింద గురులఘు చిహ్నాలు పడతాయి. వృత్తం పేరు మాత్రం చెప్పదు. అది పిల్లలే చెప్పాలని నా పట్టుదల.

మొదటిరోజు పాఠ్యపుస్తకంలోని చంపకమాల పాదమొకటి ఇచ్చాను. "ఇరవై అక్షరాలు మాస్టారూ, ఉత్పలమాల" అన్నది.

చంపకమాలకు న జ భ జ జ జ ర గణాలు, ఇరవైయొక్క అక్షరాలు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు. చంపకమాల మొదటి రెండు లఘువులను తీసి ఒక్క గురువును పెట్టండి, ఉత్పలమాల అవుతుంది. మిగిలిన పందొమ్మిది అక్షరాల నడక రెంటికీ ఒక్కటే. పిల్లలు తడబడేది ఇక్కడనే. కనుక నేను పడక కుర్చీలోంచి లేవకుండానే "లఘువుతో మొదలయ్యేది ఉత్పలమాల ఎట్లా అవుతుందే?" అని గదమాయించాను. మరునాడు వేరొక పాదం, మళ్ళీ ఇరవయ్యే. "అక్షరాలు మింగుతున్నావు, కంటికి ఆనడం లేదా?" అన్నాను. పిల్ల బిక్కమొగం వేసి "అన్నీ కొట్టాను మాస్టారూ" అన్నది. ఆ మాటను నేను లెక్కచేయలేదు. మూడవరోజు ఆమె రాలేదు. తిడుతున్నారని రానన్నదట.

ఆ రాత్రి నేనే పుట తెరిచి అదే పాదం కొట్టాను. మొదటి అక్షరం పడినట్టే పడి మాయమయినది! రెండవసారి కొడితే చక్కగా ఇరవైయొకటి. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ మొదటి లఘువు లేదు. మీటల మీద చూపు పెట్టి కొట్టే పిల్లకు ఇది ఎట్లా కనిపిస్తుంది?

శిష్యుడికి ఫోన్ చేశాను. "సైటు వేగం పెరగాలని మొన్న జావాస్క్రిప్ట్ ఆప్టిమైజేషన్ పెట్టాను మాస్టారూ, దానివల్లనేమో, రేపు చూస్తాను" అన్నాడు. నాకు రేపటిదాకా ఓపిక ఏది? క్రోమ్ అమరికలు వెదికితే జావాస్క్రిప్ట్ ఆప్టిమైజేషన్ అన్న మాట కనబడనే కనబడింది, ఏయే సైట్లకు వద్దో చెప్పే వీలుతో సహా. ఆపాను. ఫలితం శూన్యం. అది వేరట. విహరిణి లోపలి వీ8 యంత్రం తరచుగా నడిచే స్క్రిప్టును వేగంగా నడిచే రూపంలోకి మార్చుకుంటుంది. దానిని ఆపితే భద్రత కొంత పెరుగుతుంది, వేగం కొంత తగ్గుతుంది. స్క్రిప్టు ఎప్పుడు దిగాలన్నది దాని చేతిలో లేదు. పేరు ఒకటే, అర్థాలు రెండు. నానార్థాలు బోధించినవాడిని నేనే బోల్తాపడ్డాను.

అసలు కారణం మరునాడు చెప్పాడు. అతడు చేర్చిన ఉపకరణం మూడు పనులు చేస్తుంది: స్క్రిప్టులలోని ఖాళీలను, వ్యాఖ్యలను తొలగిస్తుంది, చిన్న ఫైళ్ళను కలుపుతుంది, పాఠకుడు తెరను తాకేవరకో మీట నొక్కేవరకో వాటిని దిగనివ్వదు. బొమ్మలతో నిండిన మొదటి పుటకు ఈ మూడవది మేలే. మా పుటలో మొదటి మీట నొక్కిన తరువాత గాని స్క్రిప్టు బయలుదేరదు. అది వచ్చేలోగా ఒక అక్షరం పెట్టెలో పడుతుంది. వచ్చీరాగానే స్క్రిప్టు చేసే మొదటి పని పెట్టెను తుడవడం. ఆ తుడిచే వాక్యం ఎవరు పెట్టమన్నారు? నేనే. పాత పాదం మిగిలిపోతున్నదని 2009లో అడిగి రాయించుకున్నాను.

"మొత్తం తీసేయమంటారా మాస్టారూ?" అన్నాడు. వద్దన్నాను. సంస్కృతంలో 'ఇతి', 'అత్ర' కలిస్తే యణాదేశం వచ్చి 'ఇత్యత్ర' అవుతుంది. ద్వివచనమైన 'కవీ' పక్కన అదే 'అత్ర' ఉంటే ప్రగృహ్యం, సంధి లేదు. అంతమాత్రాన సంధి ప్రకరణాన్నే చింపివేస్తామా? గణవిభజన, లేఖనాభ్యాసం, ఈ రెండు పుటల చిరునామాలు మినహాయింపు పట్టికలో చేర్చమన్నాను. క్లౌడ్‌ఫ్లేర్ వారి రాకెట్ లోడర్‌కు కూడా ఇట్లా కొన్ని పుటలను మినహాయించే నియమాలు పెట్టవచ్చునట. (ఆప్టిమైజేషన్‌కు 'త్వరితీకరణ' అని నాకు తోచింది. ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి.)

అతడు చేర్చాడు. నా తెర మీద పాత జబ్బే! దాచిపెట్టుకున్న పాత ప్రతి ఇంకా వస్తున్నదట. అక్కడా ఇక్కడా నిల్వలు ఖాళీ చేసి, అయిదుసార్లు మూసి తెరిచి చూశాకనే చెప్పులు వేసుకున్నాను.

ఆమె వాకిట్లో బట్టలు మడతపెడుతున్నది. తల్లి ఇంకా చేను నుంచి రాలేదు. "అన్నీ కొట్టానన్నావు, నిజమేనమ్మా. యంత్రం మింగినదాన్ని నీ మీద వేశాను, తప్పు నాది" అన్నాను. నలభై ఏళ్ళ బడిపంతులు నోటికి ఈ వాక్యం అలవాటు లేదు. ఆమె తల ఎత్తలేదు. మడతలన్నీ పూర్తిచేసి తలుపు గొళ్ళెం పెట్టి నాతో వచ్చింది.

ఈసారి నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కొక్క మీట నొక్కి, ప్రతిసారీ తల ఎత్తి తెర చూసుకుంటూ పాదం ముగించింది. వేలితో రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇరవైయొకటి. చంపకమాల" అని, "ఇప్పుడు నిజం ఉత్పలమాల ఇవ్వండి మాస్టారూ" అన్నది.