బండికి పూత, ఇంటికి లెక్క

కొత్త పట్టుచీర కట్టుకుని పేరంటానికి వెళ్ళేటప్పుడు మనం ఎంత ఒద్దికగా నడుస్తామో, కొత్త మోటారు సైకిలు కొన్న కుర్రాడు మొదటి నెల్లాళ్ళూ అంత ఒద్దికగా బండి నడుపుతాడు. ఎండలో పెట్టడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు, చెల్లెలు దాని మీద చెయ్యి వేస్తే కయ్యిమంటాడు. ఈ ముచ్చట కనిపెట్టే కాబోలు, ఈమధ్య బండి బిల్లు చివర ఒక కొత్త పద్దు వచ్చి చేరుతోంది. దాని పేరు సిరామిక్ కోటింగ్. పిల్లలకి బండి కొనబోయే అమ్మలందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే గనుక, నేను తెలుసుకున్నదీ, మా ఇంట్లో మేం చేసిందీ చెబుదామని ఇది రాస్తున్నాను.

మాది ఉయ్యూరు. మా పెద్దవాడికి బెజవాడలో ఉద్యోగం. బందరు రోడ్డు మీద రోజూ రానూపోనూ అరవై కిలోమీటర్ల దాకా అవుతుంది. రెండేళ్ళపాటు బస్సుల్లో నిలబడి తిరిగాడు పాపం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నవరాత్రులు మొదలైందీ ఆ రోజే. ఇంతకన్నా మంచి అదను రాదని, వాడి జీతం మీదే వాయిదాలు పెట్టుకుని, ఆ దసరాకే బండి కొన్నాడు. సొంత సంపాదనతో కొన్న మొదటి వస్తువు. వాడి సంబరం ఇంతా అంతా కాదు.

ధర తగ్గిందన్న సంతోషంలో మేముండగా షోరూములో కుర్రాడు మెల్లగా ఈ పూత సంగతి ఎత్తాడు. "ఆరున్నర వేలే మేడం. లోనులో కలిపేస్తే నెలకి 235 రూపాయలు పడుతుంది, తెలియను కూడా తెలియదు. 9హెచ్ గట్టిదనం, గీత పడదు, రంగు వెలవదు. కాకపోతే ఇవాళే చేయించాలి, బండి రోడ్డెక్కితే లాభం లేదు" అన్నాడు. మావాడు నా వంక చూశాడు. నేను మావారి వంక చూశాను. ఆయన "మీ ఇష్టం" అనేసి నీళ్ళు తాగే మిష తో అవతలకి జారుకున్నారు. "కాగితం ఇవ్వు నాయనా, రెండు రోజుల్లో చెబుతాం" అని నేనే అన్నాను. మావాడి ముఖం చిన్నబోయింది. పిల్లవాడి మొదటి ముచ్చటకి అడ్డం పడ్డానే అని నాకూ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అంచేత ఊరికే "వద్దు" అనకుండా, సంగతేమిటో కనుక్కునే చెప్పాలనుకున్నాను.

మా మరిది కొడుకు హైదరాబాదులో కార్లకి ఇలాంటి పూతలు వేసే చోట పనిచేస్తాడు. ఫోన్ చేస్తే "నిజం చెప్పమంటావా పెద్దమ్మా" అంటూ గంటసేపు చెప్పాడు.

సిరామిక్ అనగానే మనకి ఊరగాయ జాడీ గుర్తొస్తుంది. ఉప్పూ కారం ఏడాదిపాటు ఊరినా చెక్కు చెదరని ఆ నిగనిగ, కొలిమిలో కాల్చగా వచ్చింది. బండికి వేసేది అలాంటిది కాదు. అది సీసాలో ఉండే ద్రవం. ఇసుకలో ఉండే సిలికా జాతి పదార్థాలతో చేస్తారు. బండిని శుభ్రంగా కడిగి, పాలిష్ పట్టి, చిన్న గుడ్డతో కొంచెం కొంచెంగా రాసి తుడుస్తారు. గాలి తగిలి ఆరి, రంగు పైనున్న వార్నిషు పొరని గట్టిగా పట్టుకుంటుంది. పూర్తిగా గట్టిపడేదాకా, సుమారు వారం రోజులు, బండి కడగకూడదు. మందం చూస్తే ఒకటి రెండు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం డెబ్భై మైక్రాన్లు అనుకుంటే, ఇది అందులో ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి. బండికి కంపెనీవాళ్ళు వేసే రంగు పొరలన్నీ కలిపితే సుమారు వంద మైక్రాన్లు ఉంటాయి.

అలాగని అది దండగని కొట్టిపారేయడానికీ వీల్లేదు. తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు అంత కాకపోయినా, పూత వేసిన బండి మీద నీళ్ళు ముత్యాల్లా కట్టి జారిపోతాయి. బురద గట్టిగా అంటుకోదు, కడగడం తేలిక. కాకిరెట్టలో ఉండే ఆమ్లం ఎండకి రంగుని తినేస్తుంది. పూత ఉంటే అది కొంత ఆలస్యమవుతుంది, ఈలోగా కడుక్కోవచ్చు. ఎండకి రంగు వెలవడం కూడా కొంత తగ్గుతుంది. మన బెజవాడ ప్రాంతంలో వేసవికి 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు గనుక ఇది చిన్న మేలు కాదు. మామూలు మైనం పాలిష్ రెండు మూడు నెలల్లో పోతే, మంచి సిరామిక్ పూత ఏళ్ళ తరబడి ఉంటుంది.

మరి గీతల సంగతి? "9హెచ్" అంటే ఏదో వజ్రమంత గట్టిదని నేనూ అనుకున్నాను. తీరా అడిగితే అది పెన్సిల్ లెక్క! పిల్లల డ్రాయింగు పెట్టెలో హెచ్‌బీ, 2హెచ్ అని ఉంటాయి చూడండి, ఆ వరుసలో అన్నిటికన్నా గట్టిది 9హెచ్. ఆ పెన్సిలుతో నొక్కి గీస్తే గీత పడలేదని దాని అర్థం. మన కృష్ణ ఇసుకరేణువు పెన్సిలుకన్నా ఎంతో గట్టిది. బందరు రోడ్డు మీద ముందు పోయే లారీ చక్రం కింద నుంచి ఎగిరివచ్చే కంకరరాయికి ఈ పూత ఒక లెక్కా! బస్టాండు దగ్గర పక్క బండి హ్యాండిల్ రాసుకున్నా, బెల్టు బకిలు ట్యాంకుకి ఒరుసుకున్నా, బండి పడిపోయినా గీత పడాల్సిందే. తడి గుడ్డ గీతల్లాంటి సన్నటివి మాత్రం కొంత తగ్గుతాయి. రాళ్ళ దెబ్బకి ఆగేది వేరే ఉంది. 150, 200 మైక్రాన్ల మందాన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర. దాని ఖరీదు ఇంకా ఎక్కువ.

ఇంకొక్క మాట. బండి తుప్పు పట్టేది ముందుగా ట్యాంకు మీద కాదు. చైను, బోల్టులు, సైలెన్సరు, బురద చిమ్మే అడుగుభాగం, వీటికి. ఈ పూత అక్కడ పెద్దగా చేసేదేమీ లేదు. పైగా మోటారు సైకిలు మీద రంగు వేసిన భాగం కారుతో పోలిస్తే ఎంతని! ట్యాంకు, రెండు మడ్‌గార్డులు, పక్క ప్యానెళ్ళు, అంతేగా.

"ఇవాళే చేయించాలి" అన్న మాటలో సగమే నిజం. బండి మీద గీతలు పడకముందు చేయిస్తే పాలిష్ పని తక్కువ, అది నిజం. కానీ నెల ఆగినా, ఆర్నెల్లు ఆగినా పూత పడుతుంది. ఇక గ్యారంటీ కార్డు చదివితే, ఆర్నెల్లకోసారి వాళ్ళ దగ్గరే డబ్బిచ్చి కడిగించాలనీ, ఒక్కసారి తప్పినా గ్యారంటీ చెల్లదనీ కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఇక నెలకి 235 రూపాయల సంగతి. మన దగ్గర గిన్నెలమ్మేవాడు వాయిదా చెబితే ఎన్ని వారాలని అడగమూ? 36 నెలలు, నెలకి 235 అంటే 8,460 రూపాయలు. ఆరున్నర వేల పూతకి 1,960 రూపాయలు వడ్డీ. బండి అప్పు తప్పనిసరి గనుక చేశాం. మెరుపు కూడా అప్పు మీదేనా?

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ లెక్కంతా వాడి ముందు పెట్టాను. "నీ జీతం, నీ బండి. చేయించుకుంటానంటే నేనడ్డు చెప్పను. కానీ అప్పులో కలపొద్దు. ముందు కావలసినవి కొని, మూణ్ణెల్లు ఆగు. అప్పటికీ మనసు దాని మీదే ఉంటే చేతిలో డబ్బుతో చేయించుకో నాన్నా" అన్నాను. వాడు కాసేపు పెరుగన్నం కెలికి, "ముందు కావలసినవంటే ఏవమ్మా?" అన్నాడు. అదీ నాకు కావలసిన ప్రశ్న.

మొదటిది వెనక కూర్చునేవాళ్ళ హెల్మెట్. బండితోబాటు ఐ.ఎస్.ఐ. ప్రమాణాలకి తగిన హెల్మెట్ ఒకటి ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. అడిగి తీసుకోవాలి. కానీ రెండోది మనమే కొనుక్కోవాలి. చట్టం నడిపేవాడికే కాదు, వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలంటోంది. వెనక కూర్చునేది ఎవరు? మనమే కదా! అలాగే వెనక చక్రంలో చీరకొంగు చిక్కుకోకుండా ఉండే శారీ గార్డు, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకునే చోటు కూడా బండికి ఉండి తీరాలని 1989 నాటి ఆ నిబంధనలే చెబుతున్నాయి. బండి అందం చెడుతుందని కుర్రాళ్ళు శారీ గార్డు పీకించేస్తుంటారు. ఒప్పుకోకండి.

మేం ఖర్చు పెట్టింది ఇదీ: రెండో హెల్మెట్ 1,600, బండికి గుడ్డ తొడుగు 500, చైను శుభ్రం చేసే ద్రవం, నూనె కలిపి 600, బండి షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, డబ్బా మైనం పాలిష్ కలిపి 900. మొత్తం 3,600. మిగిలింది వాడి దగ్గరే ఉంచమన్నాను.

బండి కడగడంలో కూడా ఇల్లాలికి తెలిసిన కిటుకులే పనికొస్తాయి. పొడి గుడ్డతో దుమ్ము తుడవకూడదు. రంగు మీద సన్నగీతలు పడేది ఎక్కువగా అలాగే. ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనివ్వాలి. అంట్ల సబ్బు, బట్టల సోడా పనికిరావు, పాలిష్ కాస్తా పోతుంది. పీచు మాట ఎత్తనే వద్దు. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, ఇంకో బకెట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్ళు పెట్టుకోవాలి. ఎండలో కాలిన బండి మీద నీళ్ళు పోయకుండా పొద్దున్నే కడగాలి. ఉప్పు బోరు నీళ్ళయితే స్టీలు గ్లాసు మీద పడ్డట్టే తెల్లమచ్చలు పడతాయి గనుక వెంటనే తుడిచి ఆరబెట్టాలి. సిరామిక్ పూత ఉన్నా ఈ మచ్చలు తప్పవు. ఆయుధపూజ నాడు పెట్టిన పసుపూ కుంకుమా రోజుల తరబడి ఎండనివ్వకుండా మర్నాడే కడిగేస్తే అమ్మవారేమీ అనుకోదు. ఇక రంగు నిగనిగలాడకుండా మాట్‌గా ఉండే బండ్లకి మామూలు పాలిష్ రాయకూడదు, అక్కడక్కడా మెరుపు తేలి మరకల్లా కనిపిస్తుంది.

మరి ఈ పూత ఎవరికి లాభం? నల్లరంగు బండి, ఖరీదు ఎక్కువది, ఏడెనిమిదేళ్ళు ఉంచుకుందామనుకునేవాళ్ళు, రోజంతా ఎండలో పెట్టక తప్పనివాళ్ళు, వారం వారం కడిగే ఓపిక ఉన్నవాళ్ళు, అప్పు చేయకుండా ఇవ్వగలిగినవాళ్ళు చేయించుకోవచ్చు. మా వెనకింటి కుర్రాడు చేయించాడు. ఒక బకెట్టు నీళ్ళతో పది నిమిషాల్లో అద్దంలా చేసుకుంటాడు, వాడి ఆనందం నిజమే. పాలక్యాన్లు కట్టుకుని పొలం గట్ల మీద తిరిగే బండికీ, రెండేళ్ళలో అమ్మేసే బండికీ దండగ. చేయించేముందు నాలుగే నాలుగు అడగండి: ఏ కంపెనీ ద్రవం, ఎన్ని పొరలు వేస్తారు, వేసేముందు పాలిష్ పడతారా, గ్యారంటీ నిలవాలంటే మళ్ళీ మళ్ళీ ఎంత కట్టాలి. బయట ఇంకో చోట కూడా ధర కనుక్కోండి.

మూణ్ణెల్ల గడువు సంక్రాంతికి తీరింది. మావాడు బండి కొన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే రెండు బకెట్లు పెట్టుకుని కూర్చుంటున్నాడు. ట్యాంకు మీద ఆఫీసు దగ్గర ఎవరిదో బండి రాసుకుని బెత్తెడు గీత పడింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "పూత వేయించినా ఇది పడేదేలే అమ్మా" అని వాడే అన్నాడు. పూత మాట మానేశాడా అంటే లేదు, "వేసవిలోపు చేయిస్తా, డబ్బు పక్కన పెడుతున్నా" అంటున్నాడు. చేయించుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళకి నన్ను ఆ బండి మీదే తీసుకెళ్ళాడు. కొప్పు మీద హెల్మెట్ పట్టక జడ వేసుకోవలసి వచ్చింది. చూసిన వాళ్ళు నవ్వితే నవ్వారు గానీ, మా వీధిలో ఇద్దరు మాత్రం అది ఎక్కడ కొన్నారని అడిగారు.