చదువుకున్నవాడి సంతకం

మా ఇంటికి సంతకం పెట్టవలసిన కాగితం ఏదొచ్చినా "అబ్బాయిని పిలవండి" అంటారు. మా నాన్నకు చదవడం రాక కాదు. బందరు కాలేజీలో బి.యస్సీ. వెలగబెడుతున్న కొడుకు ఇంట్లో ఉండగా తాను కలం పట్టడమెందుకని ఆయన ఉద్దేశం. ఆ గౌరవాన్ని నేనెలా నిలబెట్టుకున్నానో మిత్రులకు చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది దివిసీమలో చిన్న ఊరు. నాయనమ్మకు చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ పడాలి. వాడకం మొదలుపెట్టని సీసాను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచాలి. మేము తడి ఇసుక పోసిన కుండలో పెట్టేవాళ్ళం. నీరు ఆవిరైతే కుండ చల్లబడుతుందని ఫిజిక్సు పుస్తకం చెబుతుంది. కాని సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కనక మావైపు నీరు అంత త్వరగా ఆవిరి కాదు. అంచేత నిరుడు సార్వా ధాన్యం డబ్బు చేతికి రాగానే ఫ్రిజ్ కొనాలని నాన్న నిశ్చయించాడు.

గుడివాడలో మా మేనమామకు తెలిసిన కొట్టులో బేరం కుదిరింది. రెండు రోజుల్లో ఇంటికే పంపిస్తామన్నారు. ఫోను చేసినప్పుడల్లా "బయల్దేరిందండీ" అనేవారు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వచ్చే బండికి పులిగడ్డ దాటడానికి తొమ్మిది రోజులు పట్టింది. "వెనకటికి పడవలో వేసినా ఈపాటికి వచ్చేదిరా" అంది నాయనమ్మ.

తీరా దీపాలు పెట్టే వేళకు బండి వచ్చింది. నిలబెట్టి తీసుకెళ్ళాలని బాణం గుర్తు వేసిన పెట్టెను అందులో పడుకోబెట్టారు. తెచ్చిన కుర్రాళ్ళిద్దరూ మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యలేదట. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలట. వాళ్ళననడానికి నాకు మనసొప్పదు.

"విప్పి చూద్దామా?" అన్నాడు నాన్న.

"కంపెనీ సీలు వేసి ఉంది గదా నాన్నా, చూసేదేముంది?" అని నేను ఇంగ్లీషులో వంకరలు తిప్పి సంతకం గిలికేశాను. సంతకానికి పైన అచ్చువేసి ఉన్నది చదవలేదు.

పడుకోబెట్టి తెచ్చిన ఫ్రిజ్‌ను వెంటనే ఆన్ చెయ్యకూడదు. కంప్రెసర్లోని నూనె గొట్టాల్లోకి పోయి ఉంటుంది, అది మళ్ళీ కిందికి దిగాలి. ఆ మాత్రం తెలుసు కాబట్టి రాత్రంతా నిలబెట్టి ఉంచి తెల్లవారాక స్విచ్చి వేశాను. లోపల బల్బు వెలిగింది, మోటారు హుమ్మంది, చల్లదనం మాత్రం రాలేదు.

ఇక ఫోన్ల భాగోతం. ఒకటి నొక్కమని, రెండు నొక్కమని, ఆపైన సంగీతం. మాట్లాడేవాళ్ళ మర్యాదకేమీ తక్కువ లేదు. "తప్పకుండా సార్" అన్నాక నాన్న కూడా "థాంక్సండీ" అని ఫోను పెట్టేసేవాడు. వచ్చేవాడు మాత్రం లేడు. మా పిన్‌కోడు తమ పరిధిలో లేదని ఒకరు, ఉందని మరొకరు. పదకొండో రోజున మెకానిక్ వచ్చి, గ్యాసు అయిపోయింది, రెండువేల అయిదువందలు అవుతుందన్నాడు.

ఇక్కడ నా చదువు కాస్త మేలుకొంది. ఫ్రిజ్‌లో గ్యాసు స్టవ్వులో గ్యాసులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో ఆవిరవుతూ, మళ్ళీ ద్రవమవుతూ తిరుగుతూనే ఉంటుంది. కొత్తదాంట్లో అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ మాటే అన్నాను. "నాకు చెప్పిన పని ఇదే బాబూ" అని డబ్బు తీసుకుని, గ్యాసు నింపి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

ఈ రోజులన్నీ ఇన్సులిన్ సీసాలు సెంటర్లో కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రిజ్‌లో ఉన్నాయి. కొట్టువాళ్ళు పెళ్ళికని తాళం వేసుకుపోయి రెండు రోజులదాకా రాలేదు. మేము బతిమాలదామన్నా మనిషి లేడు. నాయనమ్మ అడగలేదు, మాకు చెప్పనూ లేదు. మూడోనాడు కళ్ళు తిరిగి పెరట్లో కూలబడింది. అవనిగడ్డ తీసుకెళ్ళి చూపిస్తే చక్కెర నాలుగువందలు దాటిందన్నారు.

ఆ రాత్రే కంపెనీవాళ్ళకు ఫోను చేసి గట్టిగా అడిగాను. అవతలి గొంతు శాంతంగా, "వస్తువు మంచి స్థితిలో అందిందని మీరే సంతకం చేశారు గదా సార్" అంది. నాన్న పక్కనే ఉన్నాడు. "ఆ కాగితంలో ఏం రాసుందిరా?" అని మాత్రం అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

మర్నాడు ఆయన ట్రంకుపెట్టె తెరిచాడు. మొలక రాకపోతే అడగడానికని విత్తనాల బిల్లులు దాచే పెట్టె అది. అందులో ఫ్రిజ్ బిల్లు, గ్యారంటీ కార్డు, గ్యాసుకిచ్చిన రసీదు ఉన్నాయి. ఏ రోజు ఎవరికి ఫోను చేశామో, వాళ్ళేమన్నారో కాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉంది. నేను పంతొమ్మిది ఫోన్లు చేశానుగాని ఒక్క తేదీ గుర్తులేదు.

అవన్నీ పట్టుకుని బందరు వచ్చి మా లెక్చరరుగారిని అడిగాను. పైకి కనిపించని లోపానికి ఆ సంతకం అడ్డు కాదన్నారు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండేచోటనే ఫిర్యాదు చేసుకోవచ్చు, ప్లీడరు లేకపోయినా ఫరవాలేదు. అయిదు లక్షలలోపు వస్తువుకు ఫీజు లేదు. మన జిల్లా కమిషన్ ఈ బందర్లోనే ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని మన రాష్ట్ర రైతుల కేసులోనే సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పిందని కూడా ఆయనే చెప్పారు. అది విన్నాక నాన్న ట్రంకుపెట్టె మీద నాకు భక్తి కుదిరింది.

ముందు 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు రాయించాం. తరవాత నాన్న తేదీలన్నీ వరసగా వేసి కొట్టుకూ, కంపెనీకీ రిజిస్టరు ఉత్తరాలు పంపాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే కమిషన్‌కు వెళతామని రాశాం. పన్నెండో రోజున కొత్త ఫ్రిజ్ వచ్చింది. గ్యాసు డబ్బు మాత్రం ఈనాటికీ రాలేదు, దానికోసం ఇంకా రాస్తూనే ఉన్నాం.

ఈసారి నాన్న కుర్రాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. పెట్టె విప్పించి, సొట్టలున్నాయేమోనని చుట్టూ తిరిగి చూశాడు. "ఇప్పుడు చదివి పెట్టు" అని కలం నా చేతికిచ్చాడు. నేను చదివి, "పెట్టె విప్పి చూశాం, చల్లదనం ఇంకా పరీక్షించలేదు" అని తెలుగులో రాసి, దాని కింద సంతకం చేశాను.

మిత్రులారా! మూడేళ్ళు చదివి డిగ్రీతో ఇళ్ళకు వెళతాం. సంతకం కోసం మన ఇళ్ళల్లో మనల్నే పిలుస్తారు. దాని పైనున్న నాలుగు వరసలు చదివే ఓపిక మనకు లేకపోతే, ఆ చదువు వల్ల ఇంటికి ఒరిగేదేమిటి?