పెరటి గడియ

మా అమ్మ ఉండేది అమలాపురం దగ్గర ఒక పల్లెలో, మండువా లోగిలిలో. తాతగారి నాన్న కట్టించిన ఇల్లు. నాన్న పోయాక అందులో ఒక్కతే ఉంటోంది. సంక్రాంతి ముందు మా వెనక వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డారని ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి హైదరాబాదులో నాకు నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, లాప్‌టాప్‌లో ఒక ఖాళీ స్ప్రెడ్‌షీట్ పెట్టుకుని బస్సెక్కాను.

నా ఉద్యోగంలో దీన్ని థ్రెట్ మోడలింగ్ అంటారు. ఏం కాపాడుకోవాలి, ఎవరి నుంచి, వాళ్ళు ఎటు నుంచి రాగలరు అని ప్రశ్నలు వేసుకోవడం. ప్రతి దారికీ ఒక వరస రాసి, పక్కన తీవ్రత వేస్తాం. సర్వర్లకి చేసేదే ఇంటికీ చేద్దామనుకున్నాను.

సాయంత్రం దొంగలాగా ఇల్లంతా ఒక చుట్టు తిరిగాను. వీధి తలుపు టేకుది, రెండు రెక్కలు, లోపల అడ్డగడియ. దానికి ఢోకా లేదు. కిటికీ చువ్వలు కూడా గట్టివే కానీ, వాటిని పట్టుకున్న చెక్కకి చెద పట్టింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే అంగుళం లోపలికి దిగింది. పక్క తలుపుకి ఇంత లావు తాళంకప్ప ఉంది, గొళ్ళెం మాత్రం అరంగుళం మేకుల మీద నిలబడింది. తాళం జోలికి ఎవడూ వెళ్ళక్కర్లేదు. దొడ్లో కొబ్బరిచెట్టుకి ఆనించి నిచ్చెన, పక్కనే గునపం. దొంగ చేతులూపుకుంటూ వచ్చినా పని జరిగిపోతుంది.

అసలు తాళాల గురించి నాకు నచ్చిన కథ ఒకటుంది. 1851లో లండన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరుగుతున్న రోజుల్లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తియ్యలేరని పేరున్న చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీసేశాడు. బ్రామా తాళానికి మాత్రం 51 గంటలు పట్టింది, అదీ రోజుల తరబడి కూర్చుంటే. తాళం దొంగని ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో ఎవరికైనా వినపడితేనే ఉపయోగం.

నా షీట్‌లో ఎర్ర రంగు వేసిన వరసలు రెండు. ఒకటి మండువా. ఇంటి నడిమధ్యలో ఆకాశం కనపడుతుంటే, పెంకుల మీదికెక్కినవాడు లోపలికి దిగడం ఎంతసేపు? రెండోది పెరటి తలుపు. రెక్కకీ ద్వారబంధానికీ మధ్య వేలు దూరేంత సందుంది. బయట నుంచి పుల్ల పెట్టి ఎత్తితే గడియ లేచిపోతుంది. నేనే ఎత్తి చూశాను, పది సెకన్లు కూడా పట్టలేదు.

రాత్రి అమ్మ బెండకాయలు తరుక్కుంటుంటే నా ప్లాన్ చదివి వినిపించాను. మండువా మీద మూసేస్తూ ప్లాస్టిక్ రేకు, పెరటి తలుపుకి లోపల అడ్డగడియ, నాలుగు కెమెరాలు.

"మండువాలో కూడా కెమెరానా? నేను తల దువ్వుకుంటుంటే నువ్వు ఆఫీసులో కూచుని చూస్తావా?"

"అది కాదమ్మా..."

"సరే, పెరటి గడియ తీసేసి అడ్డగడియ పెడతావు. మళ్ళీ ఆ రోజులాగా అయితే లోపలికి ఎవరెలా వస్తార్రా?"

ఆ రోజు సంగతి నాకు తెలుసు. తెలుసనుకున్నాను. నాన్న రాత్రి మంచం మీంచి లేచి, మండువా గట్టు దగ్గర పడిపోయారు. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. వదిలి కదల్లేక అక్కడి నుంచే కేకలేసింది. పక్కింటి బాబాయిగారికి ఆ కేకలు వినపడ్డాయి. ఇంతవరకే నేను విన్నది. లోపలికి ఎలా వచ్చారో ఎప్పుడూ అడగలేదు.

వీధి తలుపు తోసి చూస్తే రాలేదట. ఆయనా, వాళ్ళబ్బాయీ వెనక్కి పరిగెత్తి, పుల్లతో పెరటి గడియ ఎత్తి వచ్చారట.

నాన్న ఆసుపత్రిలో మూడు రోజులున్నారు. రెండో రోజు నన్ను గుర్తుపట్టి, "భోంచేశావా" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. ఆ కేక పైకి వెళ్ళింది మండువాలోంచి. సాయం లోపలికి వచ్చింది ఆ గడియలోంచి. నేను ఎర్ర రంగు వేసినవి సరిగ్గా ఆ రెండే.

సెక్యూరిటీ పాఠాల్లో మొదటి రోజే మూడు మాటలు చెప్తారు. కాన్ఫిడెన్షియాలిటీ, ఇంటిగ్రిటీ, అవైలబిలిటీ. మూడోదానికి అర్థం, హక్కున్నవాళ్ళకి అవసరమైనప్పుడు దారి తెరుచుకోవాలని. ఉద్యోగంలో దాన్ని మర్చిపోతే క్లయింట్ ఊరుకోడు. ఇంటి దగ్గరికొచ్చేసరికి మర్చేపోయాను. నా షీట్ నిండా ఎవరు రాకూడదో ఉంది. ఎవరు రావాలో ఒక్క వరస కూడా లేదు.

మర్నాడు వడ్రంగి మేస్త్రీని పిలిచాం. చెద పట్టిన కిటికీ చెక్కలు మార్చాడు. గొళ్ళేలకి మేకులు పీకి మూడంగుళాల స్క్రూలు బిగించాడు. వెల్డింగ్ షాపువాళ్ళు మండువా మీద ఇనప జాలీ వేశారు. వానా వెలుతురూ ఎప్పట్లాగే పడతాయి, కేకేస్తే బయటికి వినపడుతుంది. నిచ్చెన, గునపం కొట్టుగదిలోకి వెళ్ళి తాళం పడ్డాయి. దొడ్లో మనిషి అలికిడికి వెలిగే లైటు ఒకటి. కెమెరా ఒక్కటే, అదీ వీధి గేటు వైపు. పెరటి తలుపు సందు మూయించి, బయట నుంచి తాళంచెవితో తెరుచుకునే నైట్ లాచ్ పెట్టించాం. చెవులు మూడు. ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి పక్కింట్లో క్యాలెండర్ మేకుకి.

వచ్చిన పది రోజులకి ఒక పొద్దున్న అమ్మ ఫోన్ ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. చేతులు వణుకుతుంటే పక్కింటికి చేశాను. పిన్నిగారు వెళ్ళి తాళం తీసి చూసి, నవ్వుతూ ఫోన్ అమ్మకిచ్చారు.

"తలంటు పోసుకుంటుంటే కొంప మునిగినట్టు మనుషుల్ని పంపిస్తావేంట్రా!" అని అమ్మ తిట్టింది. పిన్నిగారు కాఫీ తాగి వెళ్ళారట. షీట్‌లో ఆ వరస పక్కన "టెస్ట్ చేశాం" అని రాసుకున్నాను.