కొండదారికిఁ దగిన బండి

విజయనగరమునుండి అరకులోయకుఁ బోవు మార్గము యాత్రికులకు విహారమార్గము. నాకు మాత్రము పుట్టింటి త్రోవ. మా నాన్నగారు అచ్చటి పాఠశాలలో ముప్పది యేండ్లు తెలుఁగు పండితులుగా నుండి, ఉద్యోగము విరమించిన పిదపను ఆ యూరు విడువక అద్దె యింటనే యుండిరి. మా యమ్మ పోయిన తరువాత మాయొద్దకు వచ్చి యుండుఁడని మేమెన్నిసారులు వేఁడినను, "ఈ చల్లగాలి విడిచి రాలేనమ్మా" యని నవ్వి యూరకుండెడివారు. నేను చిన్ననాఁట తఱచు జబ్బుపడుచుండుటచే బడికి సరిగాఁ బోలేకపోతిని. నన్ను వసారాలోఁ గూర్చుండఁబెట్టి శబ్దమంజరి మొదలుకొని భారత భాగవతముల వఱకుఁ జెప్పినవారు వారే. అట్టివారి కన్నులకు రెండేండ్లనుండి శుక్లములు క్రమ్మెను. పుస్తకము ముక్కునకుఁ దాఁకించుకొన్నను అక్షరము కనఁబడదు. శస్త్రము చేయించుకొనుటకుఁ గొండ దిగి రండనిన, "ఆ కారులో నేను రాలేను" అని ఖండితముగాఁ జెప్పిరి. ఈ చిన్న వ్యాసమునకు మూలము ఆ మాటయే.

సోదరీమణులలోఁ గొందఱీ త్రోవ నెఱిఁగినవారే యుందురు. శృంగవరపుకోట వఱకు నేల సమముగానే యుండును. వరిచేలు, తాటిచెట్లు, మామిడితోఁటలు. కోట దాఁటినపిదపఁ గొండలు గోడలవలె నెదురుగా నిలుచును. టైడా మొదలు త్రోవ పామువలె మెలికలు తిరుగుచుఁ బైకెక్కును. అనంతగిరి దాఁటి గాలికొండ చేరునప్పటికి సముద్రమట్టమునకు వేయి మీటరులకు మించిన యెత్తున నుందుము. అచ్చటినుండి సుంకరిమెట్ట మీఁదుగా, సుమారు తొమ్మిదివందల మీటరుల యెత్తున నున్న లోయలోనికి దిగవలెను. 2022 వ సంవత్సరము ఏప్రిలు నుండి యీ ప్రాంతము అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరినది.

రైలున్నది గదా యందురేమో. ఉన్నది. 1960 తరువాతి దశకములో బైలదిల్లా యినుపఖనిజమును విశాఖ రేవునకుఁ దెచ్చుటకై వేసిన కొత్తవలస–కిరండూలు మార్గము ఏబదికి మించిన సొరంగములను దూఱుచు నీ కొండలమీఁదుగానే పోవును. దాని యందము వేఱు. కాని చలికాలము వచ్చినచో యాత్రికుల త్రొక్కిడి చెప్ప నలవికాదు. చూపు మందగించిన వృద్ధునిఁ బట్టుకొని యా గుంపులో నెక్కించుట, దించుట నావలనఁ గాలేదు.

ఇఁక మా కారు సంగతి. మావారు గణితోపాధ్యాయులు. పెండ్లియైన రెండవ యేఁట వారొక యెఱ్ఱని పెట్రోలుకారును ఒకరి చేతిమీఁదుగాఁ గొనిరి. నేలకుఁ దగ్గఱగా నుండును. చక్రములు వెడల్పు, సీట్లు గట్టి. తాళము త్రిప్పఁగనే గుఱ్ఱపుపిల్లవలెఁ దుముకును. ఆదివారము వచ్చినదా, దానిని దుడుచుటతోనే వారికిఁ దెల్లవాఱును. విశాఖపట్టణమునకుఁ బోవు వెడల్పు త్రోవమీఁద దానిని నడపునప్పుడు వారి మొగముపైఁ బదునెనిమిదేండ్ల బాలుని యానందము కనఁబడెడిది. నాకును అది చూడ ముచ్చటయే. కాని మా నాన్నగారికిఁ దద్భిన్నము. మోఁకాళ్లు వంచి యందులోఁ గూర్చుండుటయే కష్టము. మలుపు మలుపునకు గేరు మార్చుట, ఇంజను కేక వేయుట, బండి యుదుటున ముందుకుఁ బోవుట. రెండు మలుపులు దిగకముందే వారికిఁ గడుపులోఁ ద్రిప్పును. ఒకసారి యట్లు వచ్చి, మరల నెక్కనని యొట్టుపెట్టుకొనిరి.

గత భాద్రపదమున మేము, పిల్లలిద్దఱు, మా యత్తగారు, వెనుక బియ్యపుమూటతోఁ గొండ యెక్కుచుండఁగా టైడాకుఁ బైన నొక మలుపులో ముందున్న లారీ యాఁగెను. మేమును ఆఁగితిమి. వాన జల్లు, పొగమంచు. లారీ కదలిన పిదప మా బండి కదలలేదు. ఇంజను గట్టిగా నఱచెను, క్లచ్చి మాడిన కంపు కొట్టెను, బండి యొక యడుగు వెనుకకు జాఱెను. నేను దిగి రెండు రాళ్లు చక్రముల వెనుకఁ బెట్టితిని. లారీవాని సహాయకుఁడు పరుగున వచ్చి భుజము పట్టెను. పిల్లలను దించి, మూటను దించి, అందఱమును ద్రోసినఁగాని బండి యెక్కలేదు. వెనుకఁ గల లోఁతు నా కన్నులయెదుట నేఁటికిని నిలిచియున్నది. ఆ రాత్రి మావారు చాలసేపు మాటాడలేదు. తెల్లవాఱినపిదప, "బండి తప్పు కాదు. దానిచేతఁ జేయింపరాని పని చేయించుచున్నాను" అని మాత్రమనిరి. వారమునాఁటికి దాని నమ్మఁజూపిరి. నేను వలదని యొకమాట యైన ననలేకపోతిని. కొన్నవారు దానిని దీసికొని పోవుచున్నప్పుడు వారు వీథిలోనికి రాక పెరటిలోనే నిలిచియుండిరి.

అమ్మిన సొమ్మునకు నా చీటీ సొమ్ము చేర్చి యొక డీజిలు చిన్నకారు నింటికిఁ దెచ్చితిమి. ఇదియుఁ గ్రొత్తది కాదు. నేఁడు మన దేశమునఁ గ్రొత్త చిన్నకార్లలో డీజిలుది దొరకుటయే యరుదు. 2020 ఏప్రిలునుండి పొగ నిబంధనలు కఠినమగుటచే వానిని జేయుట ఖరీదయ్యెను. కంపెనీల పేర్లు చెప్పను. ఇది ప్రకటన కాదు.

రెంటికిని భేదమేమని నేనడుగఁగా మావారు కాగితముమీఁద లెక్క వ్రాసి చూపిరి. పాతదాని త్రిప్పుబలము 113 న్యూటను మీటరులు, అదియు నిమిషమునకు 4,500 చుట్లు తిరిగినప్పుడు. క్రొత్తదానిది 200, అదియు 1,250 చుట్లు మొదలు దొరకును. ఈ లెక్కను నేను నా వంటయింటి భాషలోనికి మార్చుకొంటిని. కవ్వమును దిరుగలిని దలఁచుకొనుఁడు. కవ్వము తేలిక, వడిగాఁ దిరిగినఁగాని వెన్న పడదు. తిరుగలి మెల్లగాఁ దిరిగినను గింజను నలుపును. తిరుగలి పిడి నంచునఁ గాక నడుమఁ బట్టి త్రిప్పఁజూచితిరా, ఎంత బలమున్నను జాలదు. ఆ త్రిప్పుబలమే కొండ యెక్కించునది. పెట్రోలు ఇంజను కవ్వము, డీజిలు ఇంజను తిరుగలి.

మంట పుట్టు తీరును వేఱే. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ వలన నావిరి మండును. డీజిలులో నిప్పురవ్వ లేదు. సైకిలునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు వేఁడెక్కుట చూచియుందురు; అట్లే గాలిని పదునైదు, పదునాఱు వంతులు కుదించఁగా నది మిక్కిలి వేఁడెక్కును; అందుపైఁ జిమ్మిన నూనె తనంతఁ దానే యంటుకొనును. దీనిని గనిపెట్టిన రుడాల్ఫు డీజిలు 1858 లోఁ బారిసునఁ బుట్టిన జర్మనుఁడు. 1897 లో ఔగ్సుబర్గున నతని ఇంజను విజయవంతముగాఁ దిరిగెను. 1900 నాఁటి పారిసు ప్రదర్శనమున నట్టి ఇంజను నొకదానిని వేరుసెనగనూనెతో నడపి చూపిరఁట! మన తాలింపునూనెతో నడచిన యంత్రమని వినఁగనే నాకు దానిపైఁ జుట్టఱికము గలిగెను.

కొండదారికిని స్త్రీలకును గల పాత సంబంధ మొకటి చెప్పవలెను. 1888 ఆగస్టులో బెర్తా బెంజను నామె, భర్తకుఁ జెప్పకయే ఆయన చేసిన మూఁడుచక్రముల మోటారు బండిపై నిద్దఱు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్‌జ్‌హైమునందలి పుట్టింటికి, సుమారు నూఱు కిలోమీటరులు, పయనమయ్యెను. త్రోవలో నింధనము మందులదుకాణమునఁ గొనెను. నూనెగొట్టము పూడుకొనఁగాఁ దన టోపీసూదితోఁ దీసెను. మిట్టలయొద్ద కుమారులు దిగి బండిని ద్రోయవలసి వచ్చెను. ఆమె చెప్పిన యనుభవమువలననే మిట్ట యెక్కుటకు వేఱొక గేరును దరువాత నమర్చిరి. టైడా మలుపులో బండిఁ ద్రోసిన నాకు ఈ కథ పొరుగింటి కథవలెఁ దోఁచెను. ఆమెయుఁ బుట్టింటికే గదా పోవుచుండెను!

మార్గశిరమునఁ గ్రొత్తబండిపై మొదటిసారి కొండ యెక్కితిమి. ఈమాఱు స్టీరింగు నా చేతనే యుండెను. మొదట నాకది నచ్చలేదు. ప్రొద్దున లేవఁగనే టకటకమని మ్రోఁత, ముందుభాగము బరువు, పాదము నొక్కిన పిదప నొక్క క్షణమాలోచించి, తరువాత నొక్కుమ్మడిగా లాగును. ఆ క్షణమునకు నలవాటుపడవలెను. కాని టైడా దాఁటిన తరువాత దాని గుణము తెలిసెను. ఆ మలుపునందే కావలెనని యాఁపి, మరల నెత్తితిని. అఱుపు లేదు, జాఱుట లేదు. నిండు బరువుతో నెద్దు బండిని లాగినట్లు నెమ్మదిగా, నిశ్చయముగాఁ గదలెను. మావారు వెలుపలికిఁ జూచుచు, "పాతదైన నిక్కడ పాట పాడెడిది" అనిరి. ఆ మాటలో నసూయ లేదు, కొంచెము బెంగ కలదు. నేను విననట్లూరకుంటిని.

అనంతగిరి దాపునఁ గాఫీతోఁటలు. నీడకై పెంచిన యెత్తయిన సిల్వరోకు చెట్లకు మిరియపుఁ దీఁగెలు ప్రాఁకియుండును. వాని క్రింద నెఱ్ఱని కాఫీపండ్లు. ఈ లోయ కాఫీకి 2019 లో భౌగోళికసూచిక గుర్తింపు లభించెను. గాలికొండ దిగఁగా వలిసెచేలు పూచి లోయయంతయుఁ బసుపు పూసినట్లుండెను. "నాన్నగారు దీనిఁ జూడలేరు గదా" యని తలఁచి నాకుఁ గన్నీరు వచ్చెను.

తిరుగుప్రయాణమున వారిని బ్రతిమాలి యెక్కించితిని. సీటు కొంచెమెత్తుగా నుండుటచే మోఁకాళ్లు వంచకయే కూర్చుండిరి. కొండ దిగునప్పుడు రెండవ గేరులోనే యుంచి, ఇంజనే బండిని బట్టునట్లు చేసితిని. నూనె మిగులునని న్యూట్రలులో దిగువారు కలరు. అది ప్రాణాపాయము, బ్రేకులు కాలి పట్టు దప్పును. ఎదురుగా నెక్కివచ్చు బండికి మనమే త్రోవ యీయవలెను. టైడా వచ్చినదని చెప్పఁగా నాన్నగారు, "అప్పుడేనా? బండి బాగున్నది" అనిరి. నేను, "బండితోఁబాటు నడపువారును మాఱిరి" అంటిని. మావారు నవ్విరి. నిజమునకుఁ బాతబండితోఁ గూడ నింత మెల్లగా నడపియుండవచ్చును; కాని దాని స్వభావము మనలను దొందరపెట్టును. మనము బండిని నడపుదుమనుకొందుము. కొంతమట్టుకు బండియే మనలను నడపును.

దీనికి దోషములు లేవనుట సత్యము కాదు. డీజిలు పొగలోని సన్నని మసి యూపిరితిత్తులకుఁ జెఱుపు చేయును. ఆ మసిని బట్టు జల్లెడ క్రొత్త బండ్లలో నుండును గాని, నిత్యము అంగడికి, గుడికి మాత్రమే తిప్పినచో నది పూడుకొనును. ఊరిలోనే తిరుగువారికిఁ బెట్రోలుదే మేలు. దూరము, బరువు, కొండ కలవారికే డీజిలు తగును. మఱియొక జాగ్రత్త: బంకులోఁ బొరపాటున డీజిలుబండిలోఁ బెట్రోలు పోసిన నూనెపంపు పాడగును. అట్లు జరిగినచోఁ దాళము త్రిప్పకయే టాంకీ ఖాళీ చేయింపవలెను. ఆ భయముచే నేను మూఁత లోపలఁ దెలుఁగున నొక చీటీ వ్రాసి యంటించితిని.

శస్త్రము మరునాఁడే విజయనగరమునఁ జక్కఁగా జరిగెను. సాయంకాలమునకు నింటికి వచ్చిరి. నెలదినములు చుక్కలమందు వేసితిమి. పిమ్మట వారిని మరలఁ గొండకుఁ దీసికొనిపోవుచు శృంగవరపుకోటలో డీజిలు పోయించుకొనుట కాఁగితిమి. వారు దిగి, క్రొత్త కన్నులతో నటునిటు చూచి, మూఁతయొద్దకు వంగఁబోయిరి. వంగరాదని నేను వారించునంతలోఁ జీటీని చదివి నిలువఁబడి, "అమ్మాయీ" యనిరి. "ఏమి నాన్నగారూ?" అంటిని. "డీజిలు 'మత్రమే' యని వ్రాసితివి. దీర్ఘము విడిచితివమ్మా."

నేను నవ్వఁబోయి నవ్వలేకపోతిని. దీర్ఘమిచ్చుటకు కలము కొఱకు సంచి వెదకితిని.